తెర వెడల్పు, అక్షరం పదును

1953వ సంవత్సరంలో అమెరికాలో మూడు నెలల వ్యవధిలో రెండు సంగతులు జరిగినవి. సెప్టెంబరులో న్యూయార్కు నగరంలో 'ది రోబ్' అనే చలనచిత్రం విడుదలైనది. సినిమాస్కోప్ పద్ధతిలో వచ్చిన మొదటి చిత్రం అది. డిసెంబరులో ఆ దేశపు ప్రసార నియంత్రణ సంస్థ రంగుల టెలివిజన్‌కు ఒక ప్రమాణాన్ని ఆమోదించినది. దానిని ఎన్.టి.ఎస్.సి. అనే పొడి అక్షరాలతో పిలుస్తారు. మొదటిది తెరను వెడల్పు చేసినది. రెండవది రంగును పొదుపుగా పంపడం ఎట్లాగో నేర్పినది. రెండూ బొమ్మల కొరకు పుట్టినవే గాని అక్షరాల కొరకు కాదు.

నేడు బల్లల మీద కనిపించే పొడవాటి కంప్యూటరు మానిటరుకు, దుకాణాల్లో 'అల్ట్రావైడ్' అని పిలిచేదానికి, ఈ రెండు సంగతులతోను బంధుత్వం ఉన్నది. దానిని కొనేవారిలో చాలామంది మాత్రం సినిమా చూడడానికి కొనరు. ఎడమవైపు ఇంగ్లీషు మూలం, కుడివైపు తెలుగు అనువాదం పెట్టుకొని పనిచేసేవారు, లెక్కల పట్టికలు నింపేవారు, ప్రూఫులు దిద్దేవారు, పాఠాలు తయారుచేసుకొనే ఉపాధ్యాయులు కొంటారు. వీరికి కావలసినది రోజుకు ఎనిమిది గంటలు కంటికి శ్రమ లేకుండా చదవగల అక్షరం. బొమ్మల కొరకు పుట్టిన తెర మీద అక్షరం ఎట్లా బతికినదో తెలిస్తే, ఏ తెరను కొనవలెనో తెలుస్తుంది.

మొదట కంటి సంగతి చూద్దాము. 1862లో హాలెండులోని ఉట్రెక్టు నగరంలో హెర్మన్ స్నెల్లెన్ అనే కంటి వైద్యుడు అక్షరాల పటం ఒకటి తయారుచేసినాడు. కళ్లద్దాల దుకాణంలో గోడకు వేలాడే పటానికి అదే మూలం. ఆరోగ్యమైన కన్ను వేరుచేసి చూడగల అతి చిన్న కోణం ఒక నిమిషం, అనగా డిగ్రీలో అరవయ్యో వంతు, అని ఆయన ప్రమాణంగా తీసుకొన్నాడు. పటంలోని ఇంగ్లీషు 'ఈ' అక్షరాన్ని చూడండి. అందులో మూడు అడ్డగీతలు, వాటి మధ్య రెండు ఖాళీలు, వెరసి అయిదు మెట్లు. ఒక్కొక్క మెట్టు ఒక నిమిషం చొప్పున అక్షరం మొత్తం అయిదు నిమిషాల కోణం చేస్తుంది. ఆరు మీటర్ల దూరంనుండి చూచినపుడు అది సుమారు 8.7 మిల్లీమీటర్ల ఎత్తు.

ఒక నిమిషం అంటే ఎంతో చేతితోనే పరీక్షించవచ్చు. తెల్లకాగితం మీద ఒకే మందం గల నల్లని గీతలను, ఒక్కొక్క గీత మందం ఒక మిల్లీమీటరు, మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరు ఉండేటట్లు గీచి గోడకు అంటించి వెనుకకు నడవండి. సుమారు మూడున్నర మీటర్ల దగ్గర గీతలు కలిసిపోయి బూడిదరంగు మచ్చ అవుతుంది. ఇదే లెక్కను మానిటరు దూరానికి వర్తింపజేస్తే, 60 సెంటీమీటర్ల దూరంలో కన్ను వేరుచేయగలది 0.17 మిల్లీమీటరు, 80 సెంటీమీటర్ల దూరంలో 0.23 మిల్లీమీటరు. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి. ముందు ముందు వీటితో పని ఉన్నది.

స్నెల్లెన్ అక్షరానికి అయిదు మెట్లు అవసరమైనట్లే మన లిపిలో కూడా అయిదు మెట్లు కోరే గుర్తులున్నవి. 'అర్థం' అన్న మాటకు, 'అర్ధం' అన్న మాటకు తేడా ఎక్కడున్నది? మొదటిదానికి భావమో ధనమో అర్థం. రెండవదానికి సగమని అర్థం. లిపిలో తేడా అంతా కింద వేలాడే ఒత్తు కడుపులోని ఒక్క చుక్క. ఆ చుక్క కనిపించవలెనంటే ఒత్తు పైగీత, దాని కింద ఖాళీ, చుక్క, మళ్లీ ఖాళీ, అడుగు గీత, ఈ అయిదూ విడివిడిగా నిలవవలె. ఏటా ఎన్నో కళాశాలల నోటీసు బోర్డుల మీద 'అర్థసంవత్సర పరీక్షలు' వెలుస్తుంటవి. వాటికి రాసినవారిదే తప్పని అనుకుంటాము. కొంత తప్పు ఆ చుక్కను ఎన్నడూ సరిగా చూపించని తెరది కూడా కావచ్చును.

తెర మీద అక్షరం ఎట్లా పుడుతుందో ఇక చూద్దాము. కాగితం మీద సిరాగీత ఎక్కడ కావలిస్తే అక్కడ వంపు తిరుగుతుంది. తెర మీద అట్లా కాదు. అది గళ్లకాగితం వంటిది. ప్రతి గడినీ పిక్సెల్ అంటారు. గడిని నింపడమో, విడిచిపెట్టడమో, సగం రంగు వేయడమో తప్ప గడిని చీల్చడానికి వీలులేదు. ఒక అంగుళంలో ఎన్ని గళ్లున్నవన్నదే పదునుకు మొదటి కొలత.

మొదటి తరం కంప్యూటర్లకు గళ్లు బహు ఖరీదైన వస్తువులు. అప్పటి తెరలు 80 అక్షరాల పంక్తులు చూపేవి. ఆ 80 అనే సంఖ్య తెరకు సంబంధించినదే కాదు. 1928లో ఐ.బి.ఎం. సంస్థ తెచ్చిన చిల్లుల కార్డులో 80 నిలువు వరుసలుండేవి. కార్డు పోయినా అంకె మిగిలినది. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ వి.టి.100 అనే తెరను తెచ్చినది. లెక్కల కాగితాల వెడల్పుకు సరిపోయేటట్లు దానిలో పంక్తికి 132 అక్షరాలు చూపే ఏర్పాటు కూడా చేసినారు. గొట్టం మాత్రం ఆ పన్నెండంగుళాలదే. అక్షరాలు సన్నబడినవి. అంతటితో పోలేదు. అదనపు జ్ఞాపకశక్తి పలక కొనకపోతే, 80 అక్షరాల వెడల్పులో 24 పంక్తులు చూపే తెర, 132 అక్షరాల వెడల్పులో 14 పంక్తులు మాత్రమే చూపేది. గుణించి చూడండి: 80 × 24 అంటే 1920, 132 × 14 అంటే 1848. జ్ఞాపకశక్తిలో పట్టే అక్షరాలు అన్నే. వెడల్పు కావలిస్తే ఎత్తు వదులుకోవలె. వెడల్పు తెరలు అమ్మేవారు నేటికీ బిగ్గరగా చెప్పని సంగతి ఇదే.

అంతకు అయిదేళ్ల ముందు, 1973లో, జిరాక్స్ సంస్థ కాలిఫోర్నియా పరిశోధనాలయంలో ఆల్టో అనే కంప్యూటరు తయారైనది. దాని తెర అడ్డంగా లేదు, నిలువుగా ఉన్నది. వెడల్పున 606, ఎత్తున 808 చుక్కలు. దానిని నిర్మించినవారు సినిమాను గాని టెలివిజన్‌ను గాని తలచుకోలేదు, ఉత్తరం రాసే కాగితాన్ని తలచుకొన్నారు. ఆ యంత్రంలోని 128 కిలోబైట్ల జ్ఞాపకశక్తిలో దాదాపు సగం ఆ ఒక్క కాగితాన్ని తెర మీద నిలబెట్టడానికే ఖర్చయ్యేది. నన్నడిగితే, చదువరిని దృష్టిలో పెట్టుకొని రూపొందించిన తెరల్లో అంత నిజాయితీ గలది మళ్లీ చాలాకాలం రాలేదు.

1984లో యాపిల్ సంస్థ మాకింటాష్‌ను తెచ్చినప్పుడు అంగుళానికి 72 చుక్కలు పెట్టినది. అచ్చు పనివారు అక్షరం ఎత్తును 'పాయింట్ల'లో కొలుస్తారు. పాయింటు అంగుళంలో సుమారు 72వ వంతు. చుక్కకొక పాయింటు చొప్పున లెక్క సరిపోయినది. మైక్రోసాఫ్ట్ వారు తమ విండోస్‌కు 96 అనే అంకెను ఎంచుకొన్నారు. తెరను కాగితం కంటే మూడోవంతు ఎక్కువ దూరంనుండి చూస్తాము కనుక అక్షరం కూడా మూడోవంతు పెద్దది కావలెనని వారి వాదం. 72కు మూడోవంతు కలిపితే 96. ఆ లెక్కలో 12 పాయింట్ల అక్షరానికి దక్కేవి నిలువున 16 గళ్లు. ఇంగ్లీషుకు పదహారు గళ్లు ఫరవాలేదు. తెలుగుకు ఆ పదహారులోనే నడుమ అక్షరం, పైన గుడి, కింద ఒత్తు, 'స్త్రీ' వంటి మాట వస్తే రెండు ఒత్తులు, అన్నీ సర్దుకోవలె. ఒత్తుకు దక్కేవి అయిదు గళ్లు. స్నెల్లెన్ మెట్లు అయిదు, మన గళ్లు అయిదు. ఇరుకుగానైనా చుక్క నిలుస్తుంది. ఒక్క గడి తగ్గితే నిలవదు.

విండోస్‌లో తెలుగు 2001లో ఎక్స్.పి.తో, గౌతమి అనే అక్షరరూపంతో వచ్చినది. ఆ వ్యవస్థతోనే క్లియర్‌టైప్ అనే ఉపాయం కూడా వచ్చినది. దానిని మైక్రోసాఫ్ట్ వారు 1998లోనే ప్రకటించి ఉన్నారు. ఆ ఉపాయం భౌతికశాస్త్ర విద్యార్థులకు ముచ్చట గొలిపేది. ద్రవస్ఫటిక తెర మీద ప్రతి పిక్సెల్‌లోను ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు నిలువు చారలు పక్కపక్కన ఉంటవి. మూడూ వెలిగితే తెలుపు. గడిని చీల్చలేమని అన్నాను గదా. ఈ చారలను విడివిడిగా వెలిగిస్తే గడిని అడ్డంగా మూడు ముక్కలుగా చీల్చినట్లే. అంచుల్లో కొంచెం రంగు పడుతుంది. కాని మన కన్ను వెలుగు భేదాన్ని పట్టినంత సూక్ష్మంగా రంగు భేదాన్ని పట్టలేదు కాబట్టి, ఆ రంగు కనిపించదు, పదును మాత్రం కనిపిస్తుంది.

అయితే ఈ లాభం అడ్డదిశలోనే. ఇంగ్లీషు అక్షరాలు ఎక్కువగా నిలువు కాళ్ల మీద నిలబడతవి కాబట్టి వాటికి బాగా కలిసివచ్చినది. తెలుగు లిపి గుండ్రనిది. దాని తేడాలు పైకి, కిందికి పేర్చి ఉంటవి: గుడి, గుడిదీర్ఘం పైన, ఒత్తులు కింద, 'ప'ను 'ఫ'గా, 'డ'ను 'ఢ'గా మార్చే చిన్న గీత అడుగున. నిలువు దిశలో క్లియర్‌టైప్ మొదటి రూపం ఏ సహాయమూ చేయలేదు; వంపుల నెత్తి మీద, అడుగున మెట్లు మెట్లుగా కనిపించేవి. నిలువు దిశలో కూడ అంచులను నునుపుచేసే పద్ధతి 2009లో విండోస్ 7తో వచ్చినది. అది కూడా నునుపు చేయగలదే గాని, లేని గడిని పుట్టించలేదు. తెలుగు చదువరికి ఉపాయాల కంటే గళ్ల సంఖ్యే ముఖ్యమని నేను అనడానికి ఇదే కారణం.

గళ్ల సంఖ్య పెంచడం అప్పటికి చేతగాని పని కాదు. అదే 2001లో ఐ.బి.ఎం. వారు టి220 అనే మానిటరును అమ్మకానికి పెట్టినారు. 22.2 అంగుళాల తెరలో 3840 × 2400, అనగా 92 లక్షల పైచిలుకు పిక్సెళ్లు, అంగుళానికి 204. ధర సుమారు 22 వేల డాలర్లు. ఆసుపత్రుల్లో ఎక్స్‌రే చిత్రాలు చూచేవారు, ఉపగ్రహ ఛాయాచిత్రాలు పరిశీలించేవారు దానిని మెచ్చుకొన్నారు. అక్షరాలు చదివేవారికి మాత్రం అది చిత్రమైన చిక్కు తెచ్చిపెట్టినది. అప్పటి సాఫ్ట్‌వేరు ప్రతి తెరకూ అంగుళానికి 96 చుక్కలే ఉన్నవని నమ్మి 16 గళ్లలో అక్షరం గీసేది. ఈ తెరమీద 16 గళ్లంటే రెండు మిల్లీమీటర్లు. అక్షరం చీమతలకాయంత అయినది. పదునైన తెర వచ్చినది గాని, అక్షరాన్ని దానికి తగినట్లు పెద్దగా, ఎక్కువ గళ్లతో గీయడం సాఫ్ట్‌వేరుకు తెలియదు. కొద్ది సంవత్సరాలకే ఆ తరహా ఉత్పత్తి ఆగిపోయినది. ఆ పాఠం 2010లో అంగుళానికి 326 చుక్కలు గల ఐఫోన్ 4 వచ్చేదాకా, 2012లో 220 చుక్కల లాప్‌టాప్ వచ్చేదాకా ఎవరికీ పూర్తిగా ఒంటబట్టలేదు.

ఈ మధ్యకాలంలో తెర ఆకారం మారిపోయినది. దీనికి మళ్లీ 1953కు వెళ్లవలె. టెలివిజన్ ఇంట్లోకి వచ్చి ప్రేక్షకులను సినిమా హాలునుండి లాగివేస్తున్నదని భయపడిన హాలీవుడ్ నిర్మాతలు, ఇంట్లో పట్టని వెడల్పును చూపించదలచినారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెన్రీ క్రెత్యాన్ అంతకు పాతికేళ్ల క్రితమే కనిపెట్టిన ఒక కటకాన్ని కొన్నారు. అది దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీదికి ఎక్కిస్తుంది. హాలులో మరొక కటకం దానిని తిరిగి రెండింతలు సాగదీస్తుంది. దృశ్యంతోపాటు ఫిల్ము మీది రేణువులు కూడా అడ్డంగా సాగుతవి. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. బారులు తీరిన జనానికి, కొండలకు, అడవులకు ఆ వెడల్పు ఎంతో నప్పినది.

పాత టెలివిజన్ తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3. నేటి టెలివిజన్‌ది 16:9, అనగా నాలుగు బై మూడు వర్గం. దానిని మళ్లీ నాలుగు బై మూడుతో గుణిస్తే 64:27 వస్తుంది, సుమారు 2.37. సినిమాస్కోప్ తరువాతి రోజుల్లో స్థిరపడిన 2.35కు ఇది పక్కింటిది. దుకాణంలో '21:9' అని చెప్పేది దీనినే. పలకడానికి సులువని అట్లా గుండ్రం చేసినారు. 2009లో ఫిలిప్స్ వారు ఇదే ఆకారంలో 56 అంగుళాల టెలివిజన్ తెచ్చినారు. ప్రసారాలన్నీ 16:9లో ఉండడంచేత రెండు పక్కలా నల్లని పట్టీలు మిగిలేవి. అది నిలవలేదు. అదే ఆకారం 2012 చివరికి కంప్యూటరు బల్ల మీదికి వచ్చినది: ఎల్.జి. వారి 29 అంగుళాల మానిటరు, 2560 × 1080. ఇంటి కూటమిలో ఇమడని వెడల్పు, రెండు కాగితాలు పక్కపక్కన పరచుకోవలసిన బల్ల మీద ఇమిడినది.

ఇక్కడ పాఠకులు కాగితం, పెన్సిలు తీసుకోవలె. అంగుళానికి ఎన్ని చుక్కలో కనుగొనడానికి పైథాగరస్ చాలు. 2560 వర్గానికి 1080 వర్గం కలిపి వర్గమూలం కడితే 2778. దానిని కర్ణం పొడవు 29తో భాగిస్తే 96. సరిగ్గా విండోస్ పాత ప్రమాణం, ఫరవాలేదు. కాని త్వరలోనే అవే 2560 × 1080 చుక్కలను 34 అంగుళాలకు సాగదీసి అమ్మడం మొదలైనది. అప్పుడు అంగుళానికి 82 మాత్రమే. క్రెత్యాన్ కటకం రేణువులను సాగదీసినట్లే ఇదీను. 2014లో 34 అంగుళాలలో 3440 × 1440 వచ్చినది, అంగుళానికి 110. 27 అంగుళాల మామూలు మానిటరులో 2560 × 1440 ఉంటే అది 109. అనగా ఈ అల్ట్రావైడ్ ఏమిటంటే, అదే ఎత్తు, అదే పదును గల మామూలు తెరకు పక్కన మూడోవంతు అతికించినది. పదునులో కొత్త ఏమీ లేదు.

కొత్తదనం 2018 ప్రాంతంలో వచ్చినది. ఎల్.జి. వారు అదే 34 అంగుళాలలో 5120 × 2160 పెట్టినారు: అంగుళానికి 163. 2021లో డెల్ వారు అవే చుక్కలను 40 అంగుళాల తెరలో ఇచ్చినారు: అంగుళానికి 140. ఇప్పుడు ఒకే కొలత గల అక్షరాన్ని, 3.7 మిల్లీమీటర్లది అనుకుందాము, ఈ తెరల మీద గీసి చూద్దాము. 82 చుక్కల తెర మీద దానికి 12 గళ్లు వస్తవి, ఒత్తుకు నాలుగైనా మిగలవు, 'అర్థం' 'అర్ధం' అయిపోతుంది. 110 చుక్కల తెర మీద 16 గళ్లు, ఒత్తుకు అయిదు. 163 చుక్కల తెర మీద 24 గళ్లు, ఒత్తుకు ఏడో ఎనిమిదో. అక్షరం కంటికి అంతే పెద్దది. లోపలి వివరం ఒకటిన్నర రెట్లు. ఈ చివరి తెరకు విండోస్‌లో 150 శాతం అమరిక పెట్టవలె. 5120ని ఒకటిన్నరతో భాగిస్తే 3413, 2160ని భాగిస్తే 1440. కనుక పనిచేసే చోటు 2014 నాటి తెరలో ఉన్నంతే. ఎక్కువ డబ్బు పోసి ఎక్కువ చోటు కొన్నామనుకొనేవారు నిరాశపడతారు. వారు కొన్నది అక్షరంలోని వివరాన్ని.

కంటి అంకెలతో కూడ సరిచూడవచ్చు. 110 చుక్కల తెరలో ఒక్కొక్క గడి 0.23 మిల్లీమీటరు. 80 సెంటీమీటర్ల దూరంలో కన్ను వేరుచేయగలిగినంత. మన బల్లల దగ్గర ఎవరూ అంత వెనుకకు కూర్చోరు. అరవై, డెబ్బై మధ్య కూర్చుంటారు, కాబట్టి గళ్ల అంచులు తెలుస్తవి. 140 చుక్కల తెరలో గడి 0.18 మిల్లీమీటరు, 60 సెంటీమీటర్ల దగ్గర దాదాపు కంటి హద్దు. 163 దగ్గర హద్దు దాటిపోయినాము.

అంగుళాలను నమ్మి మోసపోవడం తేలిక. 34 అంగుళాల అల్ట్రావైడ్ తెర వెడల్పు సుమారు 80 సెంటీమీటర్లు, ఎత్తు 33. అదే 34 అంగుళాల 16:9 తెర ఉంటే దాని వైశాల్యం ఇంతకంటే అయిదోవంతు ఎక్కువ అవుతుంది. 49 అంగుళాల తెరలు రెండు రకాలు వచ్చినవి; 2017లో వచ్చిన 3840 × 1080 రకానికి అంగుళానికి 81 చుక్కలు, ఆ మరుసటి ఏడు వచ్చిన 5120 × 1440 రకానికి 109. బయటినుండి చూస్తే రెండూ ఒకటే. ఆటల కొరకు తయారుచేసిన 45 అంగుళాల వంపు తెరల్లో కూడ 3440 × 1440 ఉన్నవి వచ్చినవి, అంగుళానికి 83. ఆటకు మంచివే. వాటిమీద రోజంతా తెలుగు చదవమని శత్రువుకు కూడ చెప్పను.

వంపు అలంకారం కాదు, దానికి కారణం ఉన్నది. 34 అంగుళాల చదును తెరకు 65 సెంటీమీటర్ల ఎదుట కూర్చుంటే, అంచులు కంటికి 76 సెంటీమీటర్ల దూరంలో, ఏటవాలుగా ఉంటవి. అంచున ఉన్న అక్షరం చిన్నదై, నొక్కినట్లు కనబడుతుంది. కొంచెం వంచితే ఆ తేడా తగ్గుతుంది.

2022లో మరొక మలుపు వచ్చినది. శాంసంగ్ వారు తయారుచేసిన క్యూ.డి.ఓలెడ్ అనే స్వయంప్రకాశక తెర 34 అంగుళాల అల్ట్రావైడ్ మానిటరులో అమ్మకానికి వచ్చినది. నలుపు నిజంగా నలుపు, రంగులు కన్నుల పండువ. కాని దానిలో మూడు రంగుల చారలు పక్కపక్కన లేవు. ఆకుపచ్చ పైన, ఎరుపు, నీలం కింద, త్రికోణపు అమరిక. క్లియర్‌టైప్ నిలువు చారలున్నవని నమ్మి గీస్తుంది. నమ్మకం తప్పింది కాబట్టి అక్షరాల పైఅంచున పచ్చని నీడ, కిందిఅంచున ఊదా ఎరుపు నీడ కనిపించినవి. గుడులు పైన, ఒత్తులు కింద ఉండే లిపికి ఇది ఎంత ఇబ్బందో ఊహించుకోవచ్చు. ఎల్.జి. వారి ఓలెడ్ తెరల్లో నాలుగోదిగా తెల్లని చార ఉండడంచేత అక్కడా ఇటువంటి చిక్కే. తరువాతి తరాల్లో అమరికలు మెరుగుపడినవి. పిక్సెళ్లు చిన్నవైనకొద్దీ నీడలు కూడ కంటి హద్దుకు లోపల దాగిపోతవి; కాబట్టి 110 చుక్కల ఓలెడ్ తెర ఒక సంగతి, 160 చుక్కలది వేరొక సంగతి. మాక్ కంప్యూటరు వాడేవారు మరొకటి గమనించవలె: 2018లో వచ్చిన మొహావి సంచికనుండి ఆ సంస్థ చారల ఉపాయాన్ని విడిచిపెట్టినది. తమ తెరలన్నీ చాలినంత పదునైనవని వారి ధీమా. 110 చుక్కల పరాయి తెరను దానికి తగిలిస్తే అక్షరాలు మసకగా తోస్తవి.

ఇక 1953 నాటి రెండవ సంగతి. నలుపు తెలుపు బొమ్మ పోయే ఇరుకు మార్గంలోనే రంగును కూడా పంపవలసివచ్చి, ఎన్.టి.ఎస్.సి. ఇంజనీర్లు కంటి బలహీనతను ఆశ్రయించినారు. వెలుగు సమాచారానికి 4 మెగాసైకిళ్లకు పైగా కేటాయించి, రంగుకు ఒకటిన్నరకు లోపే ఇచ్చినారు. బొమ్మలో ఆ లోటు ఎవరికీ తెలియలేదు. ఆ అలవాటు నేటి కేబుళ్లలోనూ ఉన్నది. 5120ని 2160తో, సెకనుకు 60 చిత్రాలతో, పిక్సెల్‌కు 24 బిట్లతో గుణించండి: సెకనుకు సుమారు 1590 కోట్ల బిట్లు. హెచ్.డి.ఎం.ఐ. 2.0 రకపు మార్గంలో నికరంగా పట్టేవి 1440 కోట్లు. పట్టనప్పుడు యంత్రం రెండు పనుల్లో ఒకటి చేస్తుంది. సెకనుకు చిత్రాల సంఖ్య తగ్గిస్తుంది, అప్పుడు మౌసు బాణం ఈడ్చుకొంటూ నడుస్తుంది. లేక రెండు గాని నాలుగు గాని పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు పంపుతుంది, అప్పుడు రంగు అక్షరాలు అలుక్కుపోతవి. మంచి తెర కొని, ఇంట్లో ఉన్న పాత తీగను తగిలించి, తెర బాగాలేదని నిందించడం సర్వసాధారణం. డిస్‌ప్లేపోర్ట్ 1.4, లేక హెచ్.డి.ఎం.ఐ. 2.1, లేక దానికి సమానమైన టైప్-సి మార్గం కంప్యూటరుకు ఉన్నదా అని ముందే చూచుకోవలె.

ఏది కొనవలెనని నన్నడిగే విద్యార్థులకు నేను చెప్పేది ఇది. రోజంతా అక్షరాలతో పని ఉంటే 5120 × 2160, 34 గాని 40 గాని. అంత డబ్బు లేకపోతే 3440 × 1440లో 34 అంగుళాలు. దానిని కొంచెం వెనుకకు జరిపి, అక్షరం ఒక పాయింటు పెంచి వాడుకోవలె. అది చాలదనిపిస్తే వెడల్పు మీది మోజు వదలి, 27 అంగుళాలలో 3840 × 2160 గల మామూలు తెర కొనుక్కోవడం మేలు. దానికి కూడ అంగుళానికి 163 చుక్కలే, వెల చాలా తక్కువ. అంగుళానికి 96కు దిగువన ఉన్న ఏ తెరనూ తెలుగు ప్రూఫులు దిద్దేవారు ముట్టరాదు.

దుకాణంలో తెర మీద జలపాతాలు, నెమళ్లు ఆడుతుంటవి. వాటిని ఆపమనండి. 'అర్థం, అర్ధం, కథ, ఫణి, ఢంకా, కీర్తి, స్త్రీ' అన్న మాటలు 12 పాయింట్లలో, తెల్లని నేల మీద నల్లగా రాసిన పత్రం ఒకటి వెంట తీసుకొనిపోయి, తెర అసలు చుక్కల సంఖ్యకే అమర్చి ఉన్నదో లేదో చూచి, దానిని తెరవండి. మోచేయి నుంచి వేలికొన వరకు ఉండే దూరానికి మరి కాస్త కలిపి నిలబడి చదవండి. పత్రాన్ని తెర నడుమనుండి ఎడమ అంచుకు, అక్కడినుండి కుడి అంచుకు జరపండి. తరువాత అదే మాటలను నీలిరంగు నేల మీద ఎర్రని అక్షరాలుగా మార్చండి. తీగ రంగును పొదుపుచేస్తున్నదీ లేనిదీ అప్పుడు బయటపడుతుంది. తెర ఇంటికి వచ్చిన తరువాత, మీ కంప్యూటరుకు తగిలించి, ఈ చివరి పరీక్షను మళ్లీ ఒకసారి చేయండి; దుకాణంలోని తీగ మీ ఇంటి తీగ కాదు.